మోటారు సైకిలు న్యూట్రలునకు రాకుండుట: కారణములు, ఉపాయములు

సాయంకాలము బడిగంట మ్రోగినతోడనే మా పాఠశాల గేటు వెలుపల, వేపచెట్టు నీడను, మోటారు సైకిళ్లు బారులు తీరును. తండ్రులు, మేనమామలు, అన్నలు తమ పిల్లలకై వేచియుందురు. వారిలో నెవరో యొకరు ఎడమచేత క్లచ్చి బిగబట్టి, ఎడమపాదముతో గేరుకడ్డీని పైకిని క్రిందికిని తన్నుచు, పచ్చదీపము వెలుగకపోవుటచే విసుగుకొనుచుండుట మేము ప్రతిదినము చూచుచునే యున్నాము.

గడచిన వేసవిలో మాకును ఈ యవస్థ పట్టినది. నంద్యాల చేరువ నొక రైలుగేటు వేసియుండగా ఆగితిమి. న్యూట్రలు పడినదని తలచి క్లచ్చి విడిచితిమి. బండి యొక్క గంతున ముందునకుఱికి, ఎదుటనున్న యొక యవ్వ టమాటాల గంపను పడద్రోసినది. దైవవశమున ఆమెకు దెబ్బ తగులలేదు. పండ్లకు వెల యిచ్చి, క్షమింపుమని వేడుకొంటిమి. గంపకు మాఱుగా ఆ యవ్వయే మా చక్రమున కడ్డముగా నుండినచో నేమగునని తలచినపుడు నేటికిని మాకు ఒడలు జలదరించును. ఆ దినముననే యీ సంగతిని మొదలంట తెలిసికొన నిశ్చయించి, తెలిసినవారి నడిగి, విప్పిన గేరుపెట్టెను కన్నులార చూచితిమి. ఆ తెలిసికొన్నదానినే యిచట విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాము.

ఇంజను తిరుగుచుండగా చక్రము తిరుగకుండ నిలుపుటకు రెండు మార్గములు కలవు. క్లచ్చిని పట్టుకొనియుండుట యొకటి. గేరుపెట్టెను న్యూట్రలున నుంచుట రెండవది. మొదటిది చేతిబలముపై నాధారపడినది. చేయి జాఱినచో బండి దుముకును. రెండవదియే నిశ్చింతయైనది.

గేరుపెట్టెలో రెండు ఇరుసులు కలవు. ఒకటి క్లచ్చి ద్వారా ఇంజనుతోను, రెండవది గొలుసు ద్వారా వెనుక చక్రముతోను సంబంధించియుండును. వీనిపై పండ్లచక్రములు జతజతలుగా నెల్లప్పుడును ఒకదానితో నొకటి కూడియే తిరుగుచుండును. అయితే ప్రతి జతలోను ఒక చక్రము తన యిరుసుపై పట్టులేక ఊరక తిరుగును. దాని ప్రక్కను జరుగు మఱియొక చక్రమునకు గూటములవంటి మొద్దుపండ్లుండును. ఆ గూటములు దీని సందులలో దిగినప్పుడు మాత్రమే ఆ జత బలమును మోయును. దీనినే గేరు పడుట యందుము. ఏ గూటమును ఏ సందునను దిగక యుండుటయే న్యూట్రలు.

గూటముల చక్రములను జరుపుటకు పంగలకఱ్ఱలవంటి యుక్కుపంగలును, వానిని నడుపుటకు గాడులు చెక్కిన యొక డ్రమ్మును కలవు. మన పాదము కడ్డీని కదల్చినపుడు తిరుగునది ఈ డ్రమ్మే. దాని కొసను నక్షత్రము వంటి బిళ్ల యుండును. స్ప్రింగుచే నదుమబడిన చిన్న చక్రమొకటి ఆ నక్షత్రపు పల్లములలో కూర్చుండి ప్రతి గేరును నిలుపును. ఒకటవ గేరునకును రెండవ గేరునకును నడుమ నున్న న్యూట్రలు పల్లము మిక్కిలి నిస్సారమైనది. గేరు మార్చునపుడు అడ్డురాకుండుటకై దాని నట్లే చేయుదురు. కావున కడ్డీని సగము మాత్రమే, మెల్లగా, కదల్పవలెను. కొంచెము బలము హెచ్చినచో ఆ చిన్నపల్లమును దాటి రెండవ గేరు పడును. తిరిగి నొక్కిన ఒకటవ గేరే వచ్చును.

అట్లయిన మెల్లగా నొక్కినను కొన్నివేళల కదలకుండుటకు కారణమేమి? విద్యార్థు లొక పరీక్ష చేయవచ్చును. తలుపునకు గడియ వేసి, స్నేహితునొకనిని వెలుపలినుండి తలుపును నెట్టుమనుడు. గడియ కదలదు. బలముగా లాగినచో ఒక్కమాఱుగా జాఱి చేయి వెనుకకు పోవును. నెట్టువాడు చేయి తీసినచో గడియ వ్రేలితోనే జరుగును. గేరుపెట్టెలో జరుగునదియు నిదియే. క్లచ్చి పూర్తిగా విడిపోనిచో ఇంజను ఆ యిరుసును కొంచెముగా త్రిప్పుచునే యుండును. చక్రము నేలపై నిలిచియుండును. ఈ రెంటి నడుమ గూటములు ఒకదాని నొకటి ఒరసికొని బిగిసిపోవును. బలముగా తన్నినచో ఒక్కమాఱుగా విడివడి, న్యూట్రలును దాటి రెండవ గేరునకు పోవును. దోషము సాధారణముగా గేరుపెట్టెయందు గాక క్లచ్చియందే యుండునని దీనివలన తెలియుచున్నది.

క్లచ్చి పూర్తిగా విడకుండుటకు కారణములు పెక్కులు. మొదటిది క్లచ్చి వైరు వదులగుట. పిడిని ఎంత లాగినను లోపలి ప్లేట్లు చాలినంత ఎడము కావు. రెండవది వైరు ఎండిపోవుట. నాపరాళ్ల దుమ్ము రేగు బేతంచెర్ల ప్రాంతపు దారులలో తిరుగు బండ్లకు వైరుతొడుగులో దుమ్ము చేరి, వైరు సులువుగా జరుగదు. మూడవది నూనె. మన బండ్లలో పెక్కింటి క్లచ్చి ప్లేట్లు ఇంజను నూనెలోనే మునిగి తిరుగును. తగినదానికంటె చిక్కనైన నూనె ప్లేట్లను ఒకదానితో నొకటి అంటించి లాగును. పాతబడి మురికియైన నూనెయు చెఱుపే చేయును. నాలుగవది ప్లేట్లు వంగుట. వేసవిలో నలుబది డిగ్రీలు దాటిన యెండలో, కర్నూలు రాజవిహారు కూడలివద్దనో, కడప యేడురోడ్లవద్దనో సగము క్లచ్చి పట్టి బండిని ఈడ్చుచు నిలుచువారి ప్లేట్లు కాలి వంగును. అయిదవది, ఊరక తిరుగునపుడు ఇంజను వేగము హెచ్చుగా నుండుట.

ఇక ఉపాయములు. బండి పూర్తిగా నిలువకమునుపే, మెల్లగా దొరలుచుండగానే, రెండవ గేరునుండి న్యూట్రలునకు తెచ్చుట అన్నిటికంటె సులభము. అప్పుడు ఇరుసులు రెండును తిరుగుచుండుటచే గూటములు బిగియవు. నిలిచిన పిమ్మట రాకున్నచో, క్లచ్చి పట్టియుంచి బండిని ఒక జానెడు ముందునకు వెనుకకు ఊపుచు కడ్డీని తేలికగా తాకవలెను. ఇదియే తలుపును మనవైపునకు లాగి గడియ తీయుట. అప్పటికిని రానిచో, క్లచ్చి విడువకయే ఇంజను నాపి ప్రయత్నింపవలెను. మడమతో తన్నుట మాత్రము కూడదు. పంగలు వంగినచో ఖర్చు వేలలోనికి పోవును.

మెకానిక్కు వద్దకు పోయినపుడు మొదట ప్లేట్లు మార్పుమని చెప్పక, వైరు బిగువును చూడుమనుడు. పిడి కొసయందు కొంచెము ఊరకకదలిక యుండవలెను. పెక్కు బండ్లకు 10 మొదలు 20 మిల్లీమీటర్లు. సరియైన కొలత బండితో నిచ్చిన పుస్తకములో నుండును. వదులు మిక్కిలియైన క్లచ్చి విడదు. బొత్తిగా లేకున్న జాఱి ప్లేట్లు కాలును. పిమ్మట వైరునకు నూనె, ఇంజనునకు పుస్తకములో చెప్పిన నూనె. ఇవి చేసిన తరువాతనే పెట్టె విప్పవలెను. మా బండికి వైరు మార్చుటతోనే రోగము కుదిరినది.

ఈ కష్టమును యంత్రనిర్మాత లెఱుగకపోలేదు. 1955 లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ స్థాపితమై బుల్లెట్లను తయారుచేయసాగెను. ఆ నాలుగుగేర్ల బుల్లెట్లకు న్యూట్రలునకై ప్రత్యేకముగా నొక చిన్నకడ్డీ యుండెడిది. రెండు, మూడు, నాలుగు గేర్లలో దేనియందున్నను దానిని మడమతో నొక్కిన న్యూట్రలు వచ్చెడిది. 1994 లో వచ్చిన హీరో హోండా స్ప్లెండరులో న్యూట్రలును ఒకటికిని రెంటికిని నడుమ నుంచక అన్నిటికంటె కడపట నుంచిరి. అందుచే దాటిపోవు భయము లేదు. జపానువారి కవాసాకి బండ్లలో మఱియొక యుక్తి కలదు. ఒక గేరుచక్రములో ఉక్కుగుండ్లు పెట్టుదురు. బండి నిలిచినపుడు గుండు పల్లములోనికి జాఱి, రెండవ గేరునకు పోవు దారి నడ్డగించును. కావున కడ్డీ న్యూట్రలుననే నిలుచును. బండి నడచునపుడు తిరుగుడు వేగమునకు గుండ్లు వెలుపలికి పోయి దారి విడుచును.

చేతిపిడిని త్రిప్పి గేరు మార్చు ఆటోలలోను ఈ బాధ కలదు. వానిలో పిడినుండి గేరుపెట్టెవఱకు రెండు వైర్లు పోవును. అవి సాగినచో పిడిపై గుర్తు న్యూట్రలును చూపుచుండగా లోపల గేరు పడియే యుండవచ్చును. కావున ఆటో నడుపువారు క్లచ్చివైరుతోపాటు ఈ రెంటిని గూడ చూపించుకొనవలెను.

రెండు హెచ్చరికలు చెప్పి ముగింతుము. పచ్చదీపమునే నమ్మరాదు; ఆ దీపపు స్విచ్చియు చెడవచ్చును. బ్రేకు పట్టి, క్లచ్చిని మెల్లమెల్లగా విడిచి చూడవలెను. మేము రైలుగేటువద్ద చేయనిది ఇదియే. రెండవది, గువ్వలచెరువు కనుమలోను, నంద్యాల గిద్దలూరు కనుమలోను పెట్రోలు మిగులునని న్యూట్రలున దిగువారు కలరు. అట్లు దిగినచో ఇంజను పట్టు పోయి, బరువంతయు బ్రేకులపైననే పడి, అవి కాలి పట్టు దప్పును. న్యూట్రలు నిలిచిన బండికే గాని దిగు బండికి కాదు.

విద్యార్థులారా, గేరుబండి నడుపుటకు మన దేశమున పదునెనిమిదేండ్లు నిండవలెను. 2019 నాటి చట్టసవరణ ననుసరించి, బాలుడు బండి నడిపినచో శిక్ష వాని సంరక్షకునికో, బండి యజమానికో పడును. నడుపుట కింకను కాలము కలదు, తెలిసికొనుటకు లేదు. రేపు సాయంకాలము మీ నాయన గేటువద్ద కడ్డీని తన్నుచుండగా చూచినచో, ఆయన చేతిలోని పిడి యెంత వదులుగా నున్నదో మొదట చూడుడు.