మూత తీసేదెవరు?

కారు రేడియేటర్ మూత మీద 0.9 అనో 1.1 అనో ఒక అంకె ఉంటుంది. కొన్న రోజు నుంచి అమ్మేసే రోజు దాకా దాన్ని చూడనివాళ్లే ఎక్కువ. కూలెంట్ కారుతోంది, మనమే బాగుచేసుకుందామా, షెడ్డుకి తోలుకెళ్దామా అన్న తర్జనభర్జనలో మొట్టమొదట చూడాల్సింది ఆ అంకెనే. బయటి గాలి ఒత్తిడి మీద ఇంకో అంత ఒత్తిడిని ఈ మూత లోపల బిగబట్టి ఉంచుతుందని దాని అర్థం. వంటింట్లో విజిల్ వేసే కుక్కర్‌లో ఉండేదీ ఇంచుమించు అంతే. కూలెంట్ లీకుని కుళాయి లీకులా చూడటంతోనే చిక్కంతా మొదలవుతుంది. బానెట్ కింద ఉన్నది కుక్కరు. కుక్కరు చల్లగా ఉన్నప్పుడు గ్యాస్కెట్ మార్చడానికి ఎవరం మనిషిని పిలవం. అదే కుక్కరు పొయ్యి మీద ఉండగా ఆవిరి ఏ సందులోంచి పోతోందో పట్టుకోవాలంటే మాత్రం ధైర్యం ఒక్కటే చాలదు, దానికి తగిన సాధనం ఉండాలి. పని ఎవరిదన్నది నేర్పుని బట్టీ ఖర్చుని బట్టీ కాదు, ఒత్తిడిని బట్టి తేలుతుందని నా వాదన.

మొదట్లో కార్లకి ఈ ఒత్తిడి లేదు. 1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో నీరు మరిగి ఆవిరైపోవడమే ఇంజన్‌ని చల్లార్చే పద్ధతి. 1888లో ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వెళ్లినప్పుడు దారి పొడవునా నీళ్లు పోసుకుంటూ పోవాల్సి వచ్చింది. 1901 మెర్సిడెస్ కోసం విల్‌హెల్మ్ మైబాఖ్ తేనెపట్టు రేడియేటర్ కట్టాడు. ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070, ఒక్కొక్కటీ పక్కదానికి అతికించి. మైబాఖ్ ఓపికకి దండం పెట్టాలి. తర్వాత వచ్చిన ఫోర్డ్ మోడల్ టిలో, తొలి కొన్ని వేల బళ్లు తప్ప, నీటి పంపు కూడా లేదు. వేడెక్కిన నీరు తనంతట తాను పైకెక్కేది, చల్లారిన నీరు కిందికి దిగేది. ఇవన్నీ మూత ఉన్నా లేనట్టే ఉండే గిన్నెలు. చిల్లి పడితే కనబడేది, మాటు వేస్తే ఆగేది.

మరి బిగించాల్సిన అవసరం ఎందుకొచ్చింది? రేడియేటర్ ఎంత వేడిని వదిలించుకుంటుందన్నది దానికీ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలో గాలి 45 డిగ్రీలు ఉందనుకోండి. నీరు మరక్కుండా 95 దగ్గర ఆపితే తేడా 50. అదే నీటిని 115 దాకా పోనివ్వగలిగితే తేడా 70. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాను, నలభై శాతం ఎక్కువ వేడి బయటికి. కానీ 115 దగ్గర నీరు నీరుగా ఉండదు, ఒత్తిడి పెడితే తప్ప. 0.9 మూత కింద మామూలు నీరు సుమారు 118 డిగ్రీల దాకా మరగదు, 1.1 మూత కింద సుమారు 121 దాకా. గ్లైకాల్ కలిపితే ఇంకొన్ని డిగ్రీలు పైకి. ఒత్తిడి పెంచితే మరిగే వేడి పెరుగుతుందన్న సంగతిని డెనిస్ పాపిన్ 1679లోనే ఎముకలు ఉడికించే పాత్రతో లండన్ రాయల్ సొసైటీ వాళ్లకి చూపించాడు. స్పిట్‌ఫైర్ విమానంలోని మెర్లిన్ ఇంజన్‌ని, తర్వాతి రకాల్లో, ఒత్తిడి పెట్టిన గ్లైకాల్ నీళ్లే చల్లార్చేవి. కార్లకీ అదే దారి అయింది. ఆ చరిత్ర అక్కడికి చాలు, నన్ను కట్టిపడేసేది ఆ మూతే.

మూత తిరగేసి చూడండి. పెద్ద స్ప్రింగు ఒకటి, దాని కింద రబ్బరు రింగు, ఆ రింగు మధ్యలో బొత్తాం అంత ఇత్తడి బిళ్ల. రెండు వాల్వులు, రెండు ఎదురు దిక్కులు. ఇంజన్ వేడెక్కి కూలెంట్ ఉబ్బినప్పుడు, ఒత్తిడి మూత మీది అంకె దాటగానే పెద్ద స్ప్రింగు లేస్తుంది. ఎక్కువైన కూలెంట్ సన్న గొట్టం గుండా పక్కనున్న బాటిల్‌లోకి పోతుంది. ఇంజన్ చల్లారి కూలెంట్ కుంచించుకున్నప్పుడు లోపల వెలితి ఏర్పడుతుంది. అప్పుడు మధ్యలోని చిన్న బిళ్ల కిందికి దిగి, పోయిన కూలెంట్‌నే వెనక్కి పీల్చుకుంటుంది. కుక్కర్‌కి ఈ రెండో తెలివి లేదు. ఆ బిళ్ల ఇరుక్కుపోతే తెల్లారేసరికి రేడియేటర్ హోస్ పైపు లోపలికి నొక్కుకుపోయి కనబడుతుంది. మూత అంచు కింద రేడియేటర్ నోటిని మూసే పై రబ్బరు సీలు పగిలితే ఇంకో విచిత్రం: బాటిల్ నిండుగా ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతుంది. వెలితి కూలెంట్‌ని లాగే బదులు పగులులోంచి గాలిని లాగుతుంది మరి. రోజూ బాటిల్ చూసి తృప్తిపడే యజమానికి ఈ సంగతి తెలిసేది ఇంజన్ సెగలు కక్కినప్పుడే. రేడియేటర్ మీద కాక బాటిల్ మీదే ఒత్తిడి మూత ఉండే కార్లూ ఉన్నాయి. వాటి కొలతలు వేరు, సూత్రం అదే.

వేడి మీద ఈ మూత తీస్తే ఏమవుతుందో చిన్న లెక్క వేద్దాం. ఆరు లీటర్ల నీరు 120 డిగ్రీల దగ్గర ఉంది, మూత తీయగానే అది 100కి దిగాలి. ఆ ఇరవై డిగ్రీల వేడి ఎక్కడికీ పోలేక సుమారు 220 గ్రాముల నీటిని ఒక్కసారిగా ఆవిరి చేస్తుంది. ఆ ఆవిరి దాదాపు 370 లీటర్లు, మేడ మీది 500 లీటర్ల ట్యాంకులో ముప్పాతిక. అది బెత్తెడు వెడల్పైనా లేని ఆ నోట్లోంచి మరుగునీళ్లని తోసుకుంటూ మొహం మీదికి వస్తుంది. లీకు దాక్కునేది కూడా ఈ ఒత్తిడి వల్లే. ప్లాస్టిక్ ట్యాంకు అంచున వెంట్రుకవాసి పగులు చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉంటుంది. ఒత్తిడి ఎక్కాకే నోరు తెరుస్తుంది, కారిన చుక్క వేడి లోహం మీద పడి ఆరిపోతుంది. మిగిలేది తెల్లగానో పచ్చగానో ఒక చార. మెకానిక్ దగ్గర ఉండే చేతి పంపు విలువ ఇక్కడే. ఇంజన్ చల్లగా ఉండగానే మూత స్థానంలో దాన్ని బిగించి గాలి కొడతాడు, గేజి ముల్లు వెనక్కి జారుతోందా లేదా చూస్తాడు. వేడి లేకుండా ఒత్తిడిని రప్పించడం ఇంట్లో మనవల్ల కాని పని.

కాబట్టి చల్లటి ఇంజన్ మీద కంటికి కనబడేదంతా మనదే: వదులైన క్లాంపు బిగించడం, ఉబ్బిన హోస్ మార్చడం, చారల కోసం టార్చి వేసి చూడటం, అదే అంకె ఉన్న కొత్త మూత వేయడం. నేల మీద చుక్క కూడా లేకుండా కూలెంట్ తగ్గిపోతుంటే, ఆయిల్ మూత కింద పాలు కలిపిన టీ రంగు నురగ ఉంటే, సైలెన్సర్ తెల్లటి పొగ మానకపోతే, ఇంజన్ లోపల కూలెంట్‌నీ ఆయిల్‌నీ వేరుగా ఉంచే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానపడి షెడ్డుకి వెళ్లాలి. షెడ్డులో లేనిపోనివి మార్చి బిల్లు పెంచుతారన్నది అబద్ధమేమీ కాదు. దానికి మందు పంపు పరీక్ష మన కళ్ల ముందు చేయమని అడగడం. ముల్లు ఎక్కడ ఆగిందో చూసినవాడికి రేడియేటర్ మొత్తం అంటగట్టడం కష్టం. మా నాన్న తానే మాటు వేసుకునేవాడు అనేవాళ్లకి జవాబు: ఆయన రేడియేటర్ రాగి, ఇత్తడి. ఇప్పటిది అల్యూమినియం, దాని అంచుకి మడిచి నొక్కిన ప్లాస్టిక్ ట్యాంకు. ఆ ప్లాస్టిక్‌కి టంకం అంటదు. లీకు పూడ్చే పొడులూ ద్రవాలూ సన్న పగులుకి ఊరు చేరేదాకా పనికొస్తాయి, కానీ పగులుకీ సన్న గొట్టానికీ తేడా వాటికి తెలియదు. ఇంకొందరు బలమైన మూత వేస్తే పోతుందంటారు. 0.9 చోట 1.1 వేస్తే లోపల అన్నిటికన్నా బలహీనమైన అతుకు ముందు విడుతుంది, అంతే.

హైవే మీద డాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పోతుంటే బండి పక్కకి ఆపి ఇంజన్ కట్టేయండి. చల్లారేదాకా మూత జోలికి పోవద్దు. కూలెంట్ పూర్తిగా పోతే సెన్సర్ గాలిలో ఉండిపోయి ముల్లు కిందికి దిగవచ్చు, ఆ దిగుడుని నమ్మొద్దు. రేపు పొద్దున తాళం తిప్పకముందు బానెట్ ఎత్తి, మూత మీది అంకె ఒక కాగితం మీద రాసుకోండి. మూత తీసి ఆ రబ్బరు రింగుని వేలితో చుట్టూ తడిమి చూడండి, ఇంతవరకు పని పూర్తిగా మీదే.