ఒకే పెట్టెలో పది కంప్యూటర్లు

1964లో ఐబీఎం సంస్థ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేంబ్రిడ్జి ఊళ్లో, ఎంఐటీకి పక్కనే ఒక పరిశోధన కేంద్రం తెరిచింది. అప్పటికి కంప్యూటరంటే గదినిండా ఉండే యంత్రం. ఒకరి పని పూర్తయ్యేదాకా రెండోవాళ్లు కాచుకుని కూర్చోవాలి. ఒకే యంత్రాన్ని ఒకే వేళ పదిమందికి పంచే ప్రయత్నాలు ఎంఐటీలో అప్పటికే నడుస్తున్నాయి. ఆ ప్రయత్నాల్లో చెయ్యి తిరిగిన రాబర్ట్ క్రీసీ ఐబీఎం కేంద్రానికి వచ్చి, సహచరుడు లెస్ కోమోతో కలిసి ఇంకా పెద్ద సాహసం తలపెట్టాడు. మనిషికి కాస్త సమయం చొప్పున పంచడంతో ఆగకుండా, ప్రతి మనిషికీ ఒక పూర్తి కంప్యూటర్ ఉన్నట్టే చేసి చూపించాలి. ఆ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాముకు కూడా, తాను అసలు యంత్రం మీద లేనన్న అనుమానం రాకూడదు.

ఆ పనికి వాళ్లు కోరుకున్న యంత్రం ఐబీఎం సిస్టమ్/360 వరుసలో మోడల్ 50. అది దొరకలేదు. ఖాళీగా ఉన్న మోడల్ 50లన్నీ విమానాల రాకపోకలను నియంత్రించే ప్రభుత్వ వ్యవస్థకు వెళ్లిపోతున్నాయి. చివరికి మోడల్ 40తో సరిపెట్టుకున్నారు. మెమరీ చిరునామాలను మార్చి చూపించే ఏర్పాటు అందులో లేదు. అందుకని ఆ పని చేసే ఒక ప్రత్యేక పెట్టెను తయారుచేసి యంత్రానికి తగిలించారు. ‘నా మెమరీలో ఫలానా చోటు’ అని ఒక ప్రోగ్రాము అడిగితే, ఆ చోటు నిజంగా ఎక్కడుందో ఈ పెట్టె క్షణంలో వెతికి పెడుతుంది. 1967 జనవరి నాటికి సీపీ-40 అనే ఆ వ్యవస్థ రోజువారీ వాడకంలోకి వచ్చింది. ఒక్కొక్కటీ తనకు 256 కిలోబైట్ల మెమరీ ఉందని నమ్మే వర్చువల్ మెషిన్లు, ఒకేసారి 14 దాకా దాని మీద నడిచేవి.

వర్చువల్ మెషిన్ అంటే సాఫ్ట్‌వేరేనని, ఎక్కించుకుంటే ఏ కంప్యూటర్ మీదైనా నడుస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ పుట్టిన రోజు నుంచే దానికి తగిన భాగాలు పక్కన ఉండాల్సి వచ్చింది. ఇవాళ ఇంట్లో ఒక సర్వర్ కట్టుకుని, అందులో ఫొటోలకు ఒకటి, ఫైర్‌వాల్‌కు ఒకటి, పిల్లల సాధనకు ఒకటి అని వర్చువల్ మెషిన్లు పెట్టుకోవాలనుకునేవాళ్లకూ ఎదురయ్యే చిక్కు అదే. ఏ ప్రాసెసర్, ఏ మదర్‌బోర్డు, ఏ మెమరీ అన్న ప్రశ్నలకు జవాబు ఆ అరవై ఏళ్ల కథలోనే ఉంది.

సీపీ-40 చేసిన గారడీ వెనక సూత్రం సులువైనదే. వర్చువల్ మెషిన్‌లోని ప్రోగ్రాము మామూలు లెక్కలు చేస్తున్నంతసేపూ ప్రాసెసర్ దాన్ని నేరుగా నడిపిస్తూ పోతుంది. డిస్కును ముట్టుకోవడం, మెమరీ పట్టికలను మార్చడం లాంటి అధికారిక ఆదేశం ఇచ్చిందా, ప్రాసెసర్ వెంటనే పని ఆపి, పైన కూర్చున్న నియంత్రణ ప్రోగ్రాముకు కబురు పెడుతుంది. ఇప్పుడు హైపర్‌వైజర్ అంటున్నది దాన్నే. అది ఆ పనిని తనే చేసి, ఫలితాన్ని కింది ప్రోగ్రాముకు అందిస్తుంది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ దీన్ని గణితంగా నిరూపించారు. యంత్రం స్థితిని మార్చే లేదా బయటపెట్టే ప్రతి ఆదేశమూ కబురు పెట్టే రకమే అయితే, ఆ ప్రాసెసర్ మీద వర్చువల్ మెషిన్ కట్టవచ్చు. ఒక్క ఆదేశం కబురు పెట్టకుండా జారిపోయినా ఆ హామీ ఉండదు.

మన ఇళ్లలోకి వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ల వంశంలో అలా జారిపోయే ఆదేశాలు ఒకటీ రెండూ కావు. 2000లో ఇద్దరు పరిశోధకులు పెంటియం ఆదేశాలన్నిటినీ పరీక్షించి, అలాంటివి 17 ఉన్నాయని తేల్చారు. వాటిలో పాప్ఎఫ్ అనే ఆదేశాన్ని చూస్తే చిక్కేమిటో తెలుస్తుంది. బయటి పరికరాల పిలుపులను కాసేపు ఆపెయ్యమని చెప్పడానికీ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని వాడుతుంది. అధికారం లేని ప్రోగ్రాము అదే అడిగితే ప్రాసెసర్ తప్పని చెప్పదు, ఎవరికీ కబురు పెట్టదు. ఆ కోరికను నిశ్శబ్దంగా పక్కన పడేసి ముందుకు సాగుతుంది. హైపర్‌వైజర్‌కు ఏమీ తెలియదు, లోపలి ఆపరేటింగ్ సిస్టమేమో తన మాట చెల్లిందనుకుంటుంది. వర్చువల్ మెషిన్ కూలిపోవడానికి అంతకంటే ఏం కావాలి?

అసాధ్యమనిపించిన ఈ ప్రాసెసర్ మీదే పని సాధించింది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన బృందం. మెండల్ రోసెన్‌బ్లమ్, ఆయన విద్యార్థులు, డయాన్ గ్రీన్ తదితరులు 1998లో వీఎంవేర్ కంపెనీ పెట్టారు. 1999 మేలో వర్క్‌స్టేషన్ అనే మొదటి ఉత్పత్తి తెచ్చారు. కబురు పెట్టని ఆదేశాలను నడిచే ముందే పట్టుకుని, అప్పటికప్పుడు వాటి స్థానంలో వేరే ఆదేశాలు రాసిపెట్టడం వాళ్లు కనిపెట్టిన ఉపాయం. మొత్తం వర్చువల్ మెషిన్ చరిత్రలో నన్ను బాగా కదిలించే ఘట్టం ఇదే. యంత్రం ఇవ్వనన్నదాన్ని కేవలం తెలివితో రాబట్టారు. 2003లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు జెన్ అనే వ్యవస్థతో ఇంకో దారి చూపారు. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌నే కొద్దిగా మార్చి, ఆ చిక్కు ఆదేశాలు రాకుండా చేశారు.

ప్రాసెసర్లు చేసేవాళ్లు ఆ తర్వాత కదిలారు. 2005 నవంబరులో ఇంటెల్ రెండు పెంటియం 4 నమూనాల్లో వీటీ-ఎక్స్ అనే ఏర్పాటు పెట్టింది. 2006లో ఏఎండీ తన ఏఎండీ-విని తెచ్చింది. వాటి ఆసరాతో ఆవి కివిటీ రాసిన కేవీఎం 2007 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నల్‌లో భాగమైంది. మరికొద్ది కాలంలోనే మెమరీ పట్టికలను రెండు అంచెలుగా చూసుకునే పని కూడా రెండు కంపెనీల ప్రాసెసర్లలోకీ చేరింది. సీపీ-40కి తగిలించిన ఆ ప్రత్యేక పెట్టె చేసిన పనిలో ఒక పెద్ద భాగం ఇప్పుడు ప్రతి ప్రాసెసర్ కడుపులోనూ ఉంది. అందుకే వర్చువల్ మెషిన్ నడుపుతుందా అన్న ఒక్క ప్రశ్నకైతే, గత పదేళ్లలో వచ్చిన దాదాపు ఏ కంప్యూటరైనా అవుననే అంటుంది. బయాస్‌లో ఆ సదుపాయం ఆపి ఉంటే ఆన్ చేసుకోవాలి, అంతే.

అసలు తలనొప్పి ఒక అంతస్తు కింద ఉంది. నెట్‌వర్క్ కార్డు, డిస్కు కంట్రోలర్, గ్రాఫిక్స్ కార్డు ఇవన్నీ ప్రాసెసర్‌ను అడగకుండానే మెమరీలో నేరుగా రాయగలవు. వేగం కోసం పెట్టిన ఆ ఏర్పాటే వర్చువల్ మెషిన్ల మధ్య గోడను పడగొడుతుంది. ఒక కార్డును పూర్తిగా ఒక వర్చువల్ మెషిన్‌కు అప్పగించారనుకోండి. లోపలి ప్రోగ్రాము తప్పుగానో, చెడు ఉద్దేశంతోనో ఆ కార్డు చేత పక్క మెషిన్ మెమరీలో రాయిస్తే అడ్డుకునేవాళ్లు లేరు. ఆ కాపలాకు వచ్చిందే ఐఓఎంఎంయూ. ఇంటెల్ దాన్ని వీటీ-డి అంటుంది. కార్డులు ఇచ్చే చిరునామాలను కూడా తనిఖీ చేసి, అవి తమ హద్దు దాటకుండా చూస్తుంది.

ఇంటి సర్వర్ కట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 2011లో వచ్చిన ఇంటెల్ ఐ7-2600లో వీటీ-డి ఉంది. దానికంటే ఖరీదైన, వేగం పెంచుకునే వీలున్న 2600కెలో లేదు! తర్వాత వచ్చిన 3770కె, 4770కెలలోనూ లేదు. 4790కెలో వచ్చింది. పాత ప్రాసెసర్ చవగ్గా దొరికిందని కొనేవాళ్లు చివరి అక్షరం దాకా చూసుకోవాలి. ప్రాసెసర్‌లో ఉన్నంత మాత్రాన చాలదు. కాపలా ఎక్కడెక్కడ ఉందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే పట్టికను మదర్‌బోర్డు బయాస్ అందించాలి. ఆ పట్టికలో తప్పులున్న బోర్డులూ ఉన్నాయి.

ఆ పైన గుంపుల సంగతి. కార్డులను ప్రాసెసర్‌కు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోగల పరికరాలన్నిటినీ లినక్స్ ఒకే గుంపుగా లెక్కకడుతుంది. వాటిని విడదీసే ఏసీఎస్ అనే ఏర్పాటు బోర్డులో ఉంటే ఏ కార్డుకు ఆ కార్డు విడిగా కనిపిస్తుంది. లేకపోతే గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, డిస్కు కంట్రోలర్ ఒకే గుంపులో చిక్కుకుంటాయి. పంపకాలు కాని ఉమ్మడి ఇంట్లో ఒక్క గదిని పరాయివాళ్లకు రాసివ్వడం ఎలా కుదరదో, ఆ గుంపులోంచి ఒక్క కార్డును తీసి వర్చువల్ మెషిన్‌కు ఇవ్వడమూ అలా కుదరదు. ఈ సమాచారం పెట్టె మీద రాయరు, ప్రకటనల్లో వేయరు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, అమెజాన్‌లో వెతికినా కనిపించేది రంగు దీపాలూ గేమింగ్ వేగాలే. కొనేముందు అదే బోర్డు వాడినవాళ్లు గుంపుల పట్టిక బయటపెట్టారేమో వెతకడం తప్పితే దారి లేదు. కంపెనీలే ఈ పట్టికను వివరాల పత్రంలో అచ్చువేయాలని నేను గట్టిగా అనుకుంటాను.

బోర్డు వివరాల్లో చిన్న అక్షరాలతో ఉన్న మరో రెండు సంగతులు కూడా చదవాలి. పొడవుగా ఉన్న ప్రతి స్లాటులోనూ 16 దారులుంటాయనుకోవద్దు. రెండో స్లాటులో తరచూ నాలుగే ఉంటాయి, అవీ చిప్‌సెట్ మీదుగా వస్తాయి. ఎం.2 స్లాటులో ఎస్ఎస్‌డి పెట్టగానే రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేసే బోర్డులూ చాలా ఉన్నాయి. ఆరు హార్డ్‌డిస్కులు పెట్టాలని లెక్కవేసుకున్నవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. డిస్కులన్నీ ఒకే వర్చువల్ మెషిన్‌కు ఇవ్వదలిస్తే ప్రత్యేక కంట్రోలర్ కార్డు పెట్టి, కార్డు మొత్తాన్నీ అప్పగించడం మేలు. సర్వర్ల నుంచి తీసిన పాత కార్డులు చవగ్గా దొరుకుతాయి. అయితే అవి సర్వర్ ఫ్యాన్ల జోరుగాలికి అలవాటుపడ్డవి. ఇంటి క్యాబినెట్‌లో కార్డు మీదకి చిన్న ఫ్యాన్ ఒకటి తిప్పకపోతే, మన ఎండాకాలంలో కాలిపోయేంత వేడెక్కుతాయి.

మెమరీ గురించి ఇంకాస్త ఆగి చెప్పాలి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే రిచర్డ్ హామింగ్ వారాంతాల్లో యంత్రానికి లెక్కలిచ్చి వెళ్లేవాడు. యంత్రం తప్పు దొరకగానే ఆ లెక్క వదిలేసి తర్వాతి లెక్కకు పోయేది. తప్పు ఉందని కనిపెట్టగల యంత్రం అది ఎక్కడుందో కూడా కనిపెట్టి దిద్దుకోలేదా అన్న ఆయన విసుగులోంచి 1950లో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. ఇప్పటి ఈసీసీ మెమరీకి మూలం అదే. 64 బిట్ల సమాచారానికి మరో 8 బిట్లు చేర్చి, ఒక బిట్ తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే హెచ్చరిస్తుంది. బిట్లు తప్పడం అరుదైన సంగతనుకునేవాళ్ల నమ్మకాన్ని 2009లో గూగుల్ సర్వర్ల మీద జరిగిన అధ్యయనం చెదరగొట్టింది. ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ స్టిక్కుల్లో దిద్దుకోదగ్గ తప్పులు కనిపించాయి. ఒకే మెమరీ మీద పది కంప్యూటర్లు నడుస్తున్నప్పుడు, ఒక బిట్ చెడితే ఎవరి ఫొటో చెడుతుందో, ఎవరి లెక్కల పుస్తకం చెడుతుందో చెప్పలేం. నాకైతే, రెండు కోర్లు తగ్గినా సరే, ఈసీసీ ఉన్న సర్వరే కావాలి.

కానీ దానికి కూడా భాగాలన్నీ ఒప్పుకోవాలి. ఇంటెల్ చాలా ఏళ్లు ఈసీసీని సర్వర్ల కోసం చేసిన జియాన్‌లకూ, సర్వర్ చిప్‌సెట్‌తో జత కలిసినప్పుడు కొన్ని ఐ3లకూ ఇచ్చింది గానీ, వాటికంటే ఖరీదైన ఐ5, ఐ7లకు ఇవ్వలేదు. 12వ తరంలో డబ్ల్యూ680 చిప్‌సెట్ ఉన్న బోర్డుతో వాటికీ అది దొరికింది. చాలా ఏఎండీ రైజెన్‌లలో సదుపాయం ఉంది, కానీ పూచీ బోర్డు తయారీదారుదే. ‘ఈసీసీ స్టిక్కులు పెట్టవచ్చు’ అంటే తప్పులు దిద్దుతుందని అర్థం కాదు, మామూలు మెమరీలా నడుస్తుందనే కావచ్చు. పాత సర్వర్లలోంచి తీసిన ‘రిజిస్టర్డ్’ రకం స్టిక్కులు చవగ్గా దొరకవచ్చు. డీడీఆర్4లో అవి మామూలు బోర్డు స్లాటులోనూ చక్కగా దూరిపోతాయి. కంప్యూటర్ మాత్రం లేవదు. డీడీఆర్5లో గాటు స్థానం మార్చి ఆ పొరపాటుకు వీలు లేకుండా చేశారు. డీడీఆర్5 చిప్‌ల లోపలే ఉండే సవరణను చూపి ఈసీసీ అక్కర్లేదనేవాళ్లుంటారు. ఆ సవరణ చిప్ లోపలి వరకే. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వచ్చే దారిలో జరిగే తప్పులను అది పట్టుకోదు.

ఈ భాగాలన్నీ ఎంచుకునే ముందే హైపర్‌వైజర్ ఏదో తేల్చుకోవాలి. వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ తను గుర్తించిన భాగాల జాబితాకే కట్టుబడి ఉంటుంది. ఇళ్ల బోర్డుల్లో అతి సాధారణమైన రియల్‌టెక్ నెట్‌వర్క్ చిప్‌లకు డ్రైవర్లను 2013లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచే తీసేసింది. 2021లో ఇంటెల్ పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపిన ప్రాసెసర్లు తెచ్చినప్పుడు, ఈఎస్ఎక్స్ఐ కోర్లన్నీ ఒకేలా లేవని గమనించి ఊదారంగు తెర చూపి ఆగిపోయేది. చిన్న కోర్లను ఆపేయడమో, ప్రత్యేక సూచన ఇవ్వడమో చేస్తే గానీ ముందుకు కదిలేది కాదు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్ కంపెనీని కొన్నది. కొద్ది నెలలకే ఉచిత వెర్షన్ ఆపేసింది. 2025లో మళ్లీ ఇచ్చినా, ఈలోపు ఇంటి సర్వర్ల వాళ్లు ఎందరో ప్రాక్స్‌మాక్స్‌కు మారిపోయారు. వియన్నా నుంచి 2008లో మొదలైన ఆ వ్యవస్థ కేవీఎం మీద నిలబడింది కాబట్టి, లినక్స్‌కు తెలిసిన దాదాపు ప్రతి పరికరమూ దానికి తెలుసు. కొత్తగా కట్టుకునేవాళ్లకు నేను చెప్పేది అదే.

కరెంటు లెక్క మాత్రం మన ఇంటిది మనమే వేసుకోవాలి. పగలూ రాత్రీ 50 వాట్లు తాగే సర్వర్ నెలకు 36 యూనిట్లు కాలుస్తుంది. పాత రెండు ప్రాసెసర్ల సర్వర్ చవగ్గా వచ్చినా, అది తినే కరెంటు రెండేళ్లలో ఆ చవకను మింగేయగలదు. ఇన్వర్టర్ ఉంది కదా అనీ ఊరుకోవద్దు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త వ్యవధిలో సర్వర్ రీస్టార్ట్ అయిపోవచ్చు, లోపలున్న పది యంత్రాలూ ఒక్కసారిగా ఆగిపోవచ్చు. యూపీఎస్ విడిగా ఉండాలి. యూఎస్‌బీ తీగతో సర్వర్‌కు కబురు చెప్పగలదైతే, బ్యాటరీ అయిపోయేలోపు వర్చువల్ మెషిన్లను ఒక్కొక్కటిగా మూయించవచ్చు.

భాగాలు చేతికొచ్చాక, వాపసు గడువు ముగిసేలోపే చేయాల్సిన పనులున్నాయి. ఒక రాత్రంతా మెమరీ పరీక్ష నడపండి. పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ లేపి, ఐఓఎంఎంయూ మేలుకుందా, గుంపులు ఎలా విడిపోయాయి, ఈసీసీ నిజంగా పనిచేస్తున్నట్టు కెర్నల్ చెబుతోందా చూడండి. కార్డును ఒక ప్రయోగపు వర్చువల్ మెషిన్‌కు అప్పగించి, ఆ మెషిన్‌ను ఆపి మళ్లీ లేపండి. కొన్ని గ్రాఫిక్స్ కార్డులు మొదటిసారి చక్కగా పనిచేసి, రెండోసారి మేలుకోకుండా మొరాయిస్తాయి. అలాంటి కార్డును ఆ వారంలోనే వెనక్కి పంపండి.