ఆగిన ఇంజన్, ఆగని వాయిదా

అప్పు మీద కొన్న కారు ఒకే వస్తువుగా కనిపించినా, చట్టం దృష్టిలో దాని వెనుక రెండు వేర్వేరు ఒప్పందాలు ఉంటాయి: కొనుగోలుదారుకూ డీలరుకూ మధ్య జరిగిన అమ్మకం ఒకటి, కొనుగోలుదారుకూ బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో మధ్య కుదిరిన రుణం మరొకటి. డీలరు ఖాతాలో సొమ్ము జమ చేయడంతో రుణదాత తన వంతు పని ముగించినట్టే కనుక, ఆ తర్వాత కారు రోడ్డు మీద తిరిగినా, మెకానిక్ షెడ్డులో పడి ఉన్నా, వాయిదా కట్టవలసిన బాధ్యతలో ఏ మార్పూ రాదు. రుణానికి కారునే హామీగా పెట్టే ఈ ఏర్పాటు పేరు హైపోథికేషన్. తాకట్టులో వస్తువు అప్పిచ్చినవారి చేతికి వెళ్తే, హైపోథికేషన్‌లో వస్తువు అప్పు తీసుకున్నవారి దగ్గరే ఉండి, దాని మీద హక్కు మాత్రం అప్పిచ్చిన సంస్థకు దఖలు పడుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 51వ సెక్షన్ ప్రకారం ఆ హక్కును రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద, అంటే ఆర్‌సీ మీద నమోదు చేస్తారు. పెద్ద మరమ్మతు వచ్చినప్పుడు మూడో హక్కుదారు కూడా ముందుకు వస్తాడు: 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ కింద, శ్రమా నైపుణ్యమూ వెచ్చించి వస్తువును బాగుచేసినవారు తమ కూలి ముట్టేదాకా దాన్ని తమ దగ్గర అట్టిపెట్టుకోవచ్చు. నడవని కారు మీద ముగ్గురికి హక్కులున్నా, నష్టం మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక్కరి మీదే పడుతుంది.

ఆ నష్టం ఎంత లోతైనదో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. 9 లక్షల రూపాయల కారుకు 8 లక్షలు అప్పు తీసుకుని, 9.5 శాతం వడ్డీతో 7 ఏళ్లలో తీర్చేలా ఒప్పుకుంటే, నెల వాయిదా సుమారు 13,075 రూపాయలు అవుతుంది. మొదటి వాయిదాలో 6,333 రూపాయలు వడ్డీకే పోతాయి. 3 ఏళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టినా ఇంకా దాదాపు 5 లక్షల 20 వేల అసలు మిగిలే ఉంటుంది. మరోవైపు, 3 ఏళ్లు దాటి 4 ఏళ్లలోపు ఉన్న వాహనానికి బీమా లెక్కల్లో 40 శాతం తరుగు తీసేస్తారు కనుక, ఆ కారు బీమా విలువ 5 లక్షల 40 వేలకు దిగుతుంది. అంటే ఇంజన్ చక్కగా నడుస్తున్నప్పుడే కారు విలువకూ అప్పుకూ మధ్య తేడా 20 వేలు. ఇంజన్ పోయిన రోజున ఆ కాస్త తేడా తుడిచిపెట్టుకుపోయి, అప్పే కారు కన్నా బరువవుతుంది. వాయిదా తక్కువగా కనిపిస్తుందని 7 ఏళ్ల గడువును ఎంచుకునే కుటుంబాలకు షోరూములో ఈ లెక్కను ఎవరూ వివరించకపోవడం అన్యాయం.

ఇంజన్ దెబ్బతినడానికి దారులు చాలా ఉన్నా, వాటిలో కొన్నింటిని విడిగా అర్థం చేసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే కారణాన్ని బట్టే ఖర్చు భరించేది ఎవరో తేలుతుంది. డాష్‌బోర్డు మీద వెలిగే ఎర్రటి ఆయిల్ దీపం సూచించేది ముఖ్యంగా ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. ఆ ఒత్తిడి లేకపోతే క్రాంక్‌షాఫ్ట్‌కూ దాని బేరింగులకూ నడుమ ఉండవలసిన పలుచని ఆయిల్ పొర తెగి, లోహం లోహాన్ని రాసుకుని, కొద్ది నిమిషాల్లోనే ఇంజన్ పట్టేస్తుంది. మెకానిక్కులు సీజైందని చెప్పేది ఈ స్థితినే. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గి ఇంజన్ మితిమీరి వేడెక్కితే, అల్యూమినియంతో చేసిన సిలిండర్ హెడ్ వంగి, దానికీ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి, నీరూ ఆయిలూ కలిసిపోతాయి. టైమింగ్ బెల్టు తెగితే చాలా ఇంజన్లలో పైకి వచ్చే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్ది వంచేస్తాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలతో వచ్చిన డీజిల్ కార్లలో మరో చిక్కు ఉంది: పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ను శుభ్రం చేసుకోవడానికి ఇంజన్ అదనంగా డీజిల్‌ను చిమ్ముతుంది, కారు రోజూ ఊళ్లో కొద్ది దూరాలకే తిరుగుతుంటే ఆ ప్రక్రియ పూర్తికాక, కాలని డీజిల్ కొంత ఆయిల్‌లోకి దిగి దాన్ని పలుచన చేస్తుంది. అందువల్ల డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గడమే కాదు, పెరగడం కూడా ప్రమాద సూచనే.

వరద నీటి సంగతి వేరు. పెట్రోలు ఆవిరినీ గాలినీ కుదించినట్టు నీటిని కుదించడం సాధ్యం కాదు కనుక, గాలి గొట్టం గుండా సిలిండర్‌లోకి నీరు చేరిన తర్వాత ఇంజన్ తిరిగితే పిస్టన్ పైకి పోలేక, దాన్ని మోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మునిగిన విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలోనూ నీట నిలిచిన కార్ల విషయంలో కీలకమైన ప్రశ్న ఇదే: కారు ఊరికే మునిగిందా, లేక మునిగిన తర్వాత ఎవరైనా తాళం తిప్పారా? ఊరికే మునిగిన ఇంజన్‌ను విప్పి, ఆరబెట్టి, ఆయిల్ మార్చి చాలావరకు కాపాడవచ్చు; స్టార్ట్ చేసిన ఇంజన్‌కు ఆ అవకాశం చాలా తక్కువ.

బీమా పత్రం కూడా ఈ తేడా మీదే ఆధారపడుతుంది. ప్రామాణిక సమగ్ర పాలసీలో అరుగుదల, యాంత్రిక లేదా విద్యుత్ వైఫల్యం, పర్యవసాన నష్టం అనే మూడింటినీ మినహాయిస్తారు. పర్యవసాన నష్టం అంటే మొదటి ప్రమాదం వల్ల నేరుగా కాకుండా, దాని తర్వాత జరిగిన మరో చర్య వల్ల కలిగిన నష్టం. నీట మునగడం ప్రమాదం, మునిగిన కారును స్టార్ట్ చేయడం తర్వాతి చర్య అన్నది బీమా కంపెనీల వాదన. అదనపు ప్రీమియంతో ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ తీసుకున్నవారికి నీరు చేరడం వల్లా, ఆయిల్ కారిపోవడం వల్లా కలిగే నష్టానికి, ఆ కవర్ షరతులకు లోబడి, పరిహారం దక్కుతుంది. చెడిపోయిన వాహనాన్ని బాగుచేయించకుండా నడిపితే పెరిగిన నష్టం యజమానిదేనన్న షరతు కూడా పాలసీలోనే ఉంటుంది కనుక, ఎర్ర దీపం వెలిగినా, వేడి ముల్లు ఎరుపులోకి పోయినా అక్కడే ఆపి, టోయింగ్ బండిని పిలవడం మినహా మరో మార్గం లేదు.

వారంటీ గడువులో ఉన్న కారుకు ఇంజన్ విప్పే ఘట్టమే అత్యంత కీలకం. విప్పి చూస్తే గానీ కారణం తెలియదని సర్వీస్ సెంటర్ చెబుతుంది, విప్పడానికి అనుమతి పత్రం మీద సంతకం అడుగుతుంది, లోపం యజమాని నిర్లక్ష్యం వల్లనని తేలితే విప్పిన కూలి, బిగించే కూలి రెండూ యజమాని నెత్తినే వేస్తుంది. లోపం తయారీదా, వాడకానిదా అన్నది తేల్చేది కూడా అదే సెంటర్ కావడం ఈ వ్యవస్థలోని పెద్ద లోటు. మరమ్మతు ఎవరి లెక్కలో పడుతుందన్న దానితో సంబంధం ఉన్న సంస్థకే తీర్పు చెప్పే అధికారం దక్కుతోంది. అందుకే విప్పడానికి ముందే ఓడోమీటర్ అంకె, ఆయిల్ మట్టం, హెచ్చరిక దీపాలు ఫొటోల్లో పదిలపరచుకోవడం, ఇంజన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌ల ప్రతిని అడిగి తీసుకోవడం, జాబ్ కార్డులో ఫిర్యాదును యజమాని మాటల్లోనే రాయించడం, విప్పేటప్పుడు దగ్గర ఉండటం ఎంతో అవసరం. బీమా క్లెయిమ్ ఉన్నచోట సర్వేయర్ చూడకముందు ఒక్క నట్టు కూడా విప్పనివ్వకూడదు. తీసేసిన పాత భాగాలను తూకానికి అమ్మేస్తే తర్వాత ఏ నిపుణుడికీ చూపించడానికి సాక్ష్యం మిగలదు. అదే లోపం ఎన్నో కార్లలో వచ్చి కంపెనీ రీకాల్ ప్రకటించి ఉంటే దారి సులువవుతుంది. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణతో వచ్చిన 110ఏ సెక్షన్ లోపభూయిష్టమైన వాహనాలను వెనక్కి రప్పించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది.

ఎవరూ బాధ్యత తీసుకోనప్పుడు మిగిలేది సొంత ఖర్చు. కంపెనీ నుంచి పూర్తి కొత్త ఇంజన్ తెప్పించడం, బ్లాకూ పిస్టన్లూ క్రాంకూ కూర్చి ఇచ్చే హాఫ్ ఇంజన్ వేయించి పాత హెడ్‌నే బాగుచేసి వాడటం, ఆటోనగర్ లేత్ షాపులో సిలిండర్లు రీబోరింగ్ చేయించడం, ప్రమాదంలో తుక్కయిన మరో కారు నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ ఇంజన్ బిగించడం అనే మార్గాలు సాధారణంగా ఖర్చు తగ్గే క్రమంలో ఉంటాయి గానీ, ఇంజన్ నంబరు మారే మార్గాల్లో చట్టపరమైన ముడి ఉంది. ఆర్‌సీలోనూ, బీమా పాలసీలోనూ, రుణ ఒప్పందంలోనూ ఇంజన్ నంబరు రాసి ఉంటుంది కనుక, నంబరు మారితే రుణదాత అంగీకారంతో రవాణా శాఖ కార్యాలయంలో దాన్ని మార్పించి, బీమా సంస్థకూ తెలియజేయాలి. పాత యజమాని బిల్లు లేని సెకండ్ హ్యాండ్ ఇంజన్ దొంగ సొత్తు కాదని నిరూపించడం చాలా కష్టం.

ఈలోగా వాయిదా తేదీ రానే వస్తుంది. కారు చెడిపోయిందన్న కోపంతో వాయిదా ఆపేయడం వల్ల డీలరుకూ తయారీ సంస్థకూ ఏ నష్టమూ లేదు. క్రెడిట్ రికార్డు మాత్రం దెబ్బతింటుంది, 90 రోజులు దాటితే ఖాతా మొండి బకాయిగా మారుతుంది, ఖాతాలో సొమ్ము లేక ఆటోమేటిక్ వాయిదా తిరిగివస్తే 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టంలోని 25వ సెక్షన్ కింద అది చెక్ బౌన్స్ తరహా నేరం కూడా కావచ్చు. తేదీ రాకముందే ఎస్టిమేట్ కాగితం జతచేసి, గడువు పొడిగించమనో కొన్ని నెలలు వాయిదా తగ్గించమనో రాతపూర్వకంగా కోరినవారి మాట రుణదాత వినే అవకాశం, రెండు నెలలు ఎగ్గొట్టి కోరినవారి మాట వినే అవకాశం కన్నా ఎక్కువ. రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు ఆదేశాల ప్రకారం జాప్యానికి విధించే జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు గానీ, సాయంత్రం 7 తర్వాత గానీ ఫోన్ చేయకూడదు. బలప్రయోగంతో వాహనాలు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే గట్టిగా తప్పుపట్టింది.

సొంతంగా నడుపుకునే క్యాబ్ డ్రైవర్ల పరిస్థితి మరీ కష్టం, ఎందుకంటే వాయిదా కట్టే సంపాదన కూడా ఆ ఇంజన్ నుంచే రావాలి. వాణిజ్య అవసరానికి కొన్న వాహనం కనుక వినియోగదారుల చట్టం వర్తించదని కంపెనీలు వాదించినా, స్వయం ఉపాధితో జీవనం గడపడానికి మాత్రమే కొన్నవారు వినియోగదారులేనని 2019 చట్టంలోని 2(7) సెక్షన్ వివరణ స్పష్టంగా చెబుతుంది. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, 2 ఏళ్లలోపు, ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అయితే తయారీ లోపం ఉందన్నంత మాత్రాన కొత్త కారు ఇప్పిస్తారనుకోవడం తగదు. వారంటీ నిబంధన లోపమున్న భాగాన్ని మార్చడానికే పరిమితమైతే కారునంతా మార్చమనలేమని సుప్రీంకోర్టు 2006లో ఒక తయారీ సంస్థ కేసులో తేల్చింది.

ఇతర దేశాలు ఈ భారాన్ని వేరే విధంగా పంచాయి. బ్రిటన్‌లో హైర్ పర్చేజ్ పద్ధతిలో, అంటే చివరి వాయిదా దాకా యాజమాన్యం ఫైనాన్స్ కంపెనీదిగా ఉండే పద్ధతిలో కారు తీసుకుంటే, దాని నాణ్యతకు ఆ కంపెనీయే జవాబుదారీ. అమెరికాలో 1976 నుంచి అమలులో ఉన్న హోల్డర్ నిబంధన ప్రకారం, డీలరు ద్వారా కుదిరిన రుణాన్ని ఏ సంస్థ కొనుక్కున్నా, డీలరు మీద కొనుగోలుదారుకున్న వాదనలు ఆ సంస్థకూ వర్తిస్తాయి. అక్కడ పాత కారు కొనే తెలుగు విద్యార్థులు మాత్రం కారు అద్దం మీది కాగితంలో ఉన్నది ఉన్నట్టు, వారంటీ లేకుండా అమ్ముతున్నట్టు రాసి ఉందో లేదో చూసుకోవాలి. అలా రాసి ఉంటే వాదించడానికే పెద్దగా ఏమీ మిగలదు. భారత పార్లమెంటు కూడా 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేసి, సరుకు నాణ్యత మీద బాధ్యతనూ, కొంత భాగం చెల్లించినవారి నుంచి కోర్టు ద్వారా తప్ప వస్తువును స్వాధీనం చేసుకోరాదన్న రక్షణనూ అందులో పొందుపరిచింది. ఆ చట్టాన్ని ఒక్క రోజూ అమలు చేయకుండానే 2005లో రద్దు చేశారు. షోరూములోనే బల్ల వేసుకుని, డీలరుతో చేతులు కలిపి అప్పులిచ్చే సంస్థలకు ఆ డీలరు అమ్మిన సరుకు మీద కొంతైనా బాధ్యత పెట్టడం ఈనాటికీ న్యాయమైన కోరికే.

మరమ్మతు ఖర్చు కారు విలువను మింగేసేలా ఉంటే, ఉన్నది ఉన్నట్టుగా అమ్మి అప్పు తీర్చడమే మేలు. అప్పుడు రుణదాత నుంచి మిగిలిన బాకీ ఎంతో తెలిపే ఫోర్‌క్లోజర్ లేఖ తీసుకుని, కొనేవారి చేత సొమ్మును నేరుగా రుణ ఖాతాలోనే కట్టించి, తక్కువైన మొత్తాన్ని సర్దుబాటు చేయాలి. రుణదాత ఎంతో కొంత తగ్గించుకుని ముగిస్తే క్రెడిట్ రికార్డులో అది పూర్తిగా తీరిన అప్పుగా కాక, సెటిల్ అయిన అప్పుగా నమోదై, ఏళ్ల తరబడి కొత్త అప్పులకు అడ్డుపడుతుంది. రుణదాత నిరభ్యంతర పత్రమూ, ఫారం 35 మీద సంతకమూ చేతికి వచ్చి, హైపోథికేషన్ రద్దయి, కొన్నవారి పేరు ఆర్‌సీలో చేరేదాకా కారు అప్పగింతను ఆపడం మంచిది. ఆలోగా ఆ కారు ప్రమాదం చేస్తే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది.