దుమ్ము గాలి ఆగిన తరువాత



రాజంపేట, రాయచోటి ప్రాంతముల నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్ వెళ్లి ఇండ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు ‘ఘుబార్’ అను మాట కొత్తది కాదు. అరబ్బీలో ధూళి అని దాని అర్థము. వాయవ్య దిక్కు నుండి వీచే ‘షమాల్’ గాలి దక్షిణ ఇరాక్ మైదానముల మట్టిని ఎత్తుకొచ్చి కువైట్ మీద క్రుమ్మరిస్తుంది. 2022 మే నెలలో ఈ దుమ్ము వలన కువైట్ విమానాశ్రయములో రాకపోకలు నిలిచిపోయాయి. అదే నెలలో ఒక్క తుఫానుకే ఇరాక్‌లో 5,000 మందికి పైగా ఊపిరి ఆడక ఆసుపత్రుల పాలయ్యారు.

గాలి వీస్తుండగా తలుపులు మూయడము అందరూ చేసేదే. మేము చెప్పదలచినది ఆ తరువాతి సంగతి. గాలి ఆగిందో లేదో చీపురు చేతికి వస్తుంది. పొడి చీపురుతో ఊడిస్తే నేలమీద పడిన ధూళి మళ్లీ గాలిలోకి లేస్తుంది. అందులో పెద్ద రేణువులు ముక్కులోనే ఆగిపోవచ్చు. తల వెంట్రుక మందములో ఇరవయ్యవ వంతైనా లేని సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. పైగా బరువును బట్టి చూస్తే పెద్దలకంటె బిడ్డ ఎక్కువ గాలి పీలుస్తుంది, నేలమీద ప్రాకుతుంది, ఆ చేతినే నోట్లో పెట్టుకొంటుంది.

కనుక ముందు బిడ్డను వేరే గదిలో ఉంచండి. దుమ్ము కొన్ని గంటలు అణగనివ్వండి. తరువాత తడిగుడ్డతో పైనుండి క్రిందికి తుడవండి: మొదట అలమారల పైభాగము, కిటికీ అంచులు, చివరకు నేల. గుడ్డను మాటిమాటికి పిండి నీళ్లు మార్చాలి. మురికినీటితో తుడిస్తే బురద పూసినట్లే. హెపా ఫిల్టరు లేని పాత వాక్యూమ్ మిషను సన్నని దుమ్మును వెనుకనుండి బయటకు వదులుతుంది గనుక తడిగుడ్డే మేలు. ఏసీ ఫిల్టరు కడిగి, బాగా ఆరిన తరువాతనే బిగించండి. పక్కబట్టలు, బొమ్మలు, పాలపీక తప్పక కడగాలి. మేడం తొందరపెట్టవచ్చును. బిడ్డ కొరకేనని నెమ్మదిగా చెప్పితే వినని తల్లి అరుదు.

తుడిచే మనిషికి కూడా ఊపిరితిత్తులున్నాయి. తన బిడ్డను అమ్మమ్మ దగ్గర విడిచి, పరాయి బిడ్డను పెంచుచున్న మన చెల్లెలు మాస్కు అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. రెండేండ్లలోపు పిల్లలకు మాత్రము మాస్కు కట్టరాదు.

మరొక మాట. మన యిండ్లలో చంటిబిడ్డకు స్నానము చేయించి సాంబ్రాణి పొగ వేస్తారు. అక్కడివారు ‘బుఖూర్’ వేస్తారు. దేశములు వేరైనా పొగ మీద మమకారము ఒక్కటే! దుమ్ము పట్టిన ఇంటిలో ఆ పొగ, దోమల చుట్ట, సిగరెట్టు ఏవీ వద్దు. రెండేండ్లలోపు బిడ్డకు కర్పూరము కలిసిన బామ్ రాయవద్దు. కండ్లలో దుమ్ము పడితే నులమక మంచినీటితో కడగండి.

ఉబ్బసమున్న బిడ్డకు డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు చేతికందే చోట ఉంచండి. బిడ్డ నిద్రలో ఉండగా పొట్ట కదలికను చూచి ఒక పూర్తి నిమిషము శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలలలోపు శిశువుకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఐదేండ్లలోపు బిడ్డకు 40 లేక అంతకంటె ఎక్కువైతే అది వేగమైన శ్వాస. వెంటనే డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేయడము, పిల్లికూతలు, పాలు త్రాగలేకపోవడము, పెదవులు నీలివర్ణమగుట కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు. కువైట్‌లో 112కు, మన రాష్ట్రములలో 108కి ఫోను చేయండి.