మేపిన చేతినే కోడి ఎందుకు పొడుస్తుంది?

కూలి ఇంట్లో కోడి అంటే ఆడవాళ్ల చేతిలో ఉండే చిల్లర పెట్టె. పనుల్లేని రోజుల్లో పిల్లవాడి నోటు పుస్తకానికీ, జ్వరం బిళ్లకీ, చుట్టం వస్తే కూరకీ అదే ఆధారం. అలాంటి కోడి ఉన్నట్టుండి నూకలు చల్లిన చేతినే పొడుస్తుంది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే జాతి" అని తిట్టి ఆ ఇంటాయన సాయంత్రానికే దాన్ని కోసేస్తాడు. గుడ్లు పెట్టే పెట్ట ఒక్క పూట కూరైపోతుంది. నష్టపోయేది ఆ ఇంటి ఆడమనిషి. కాబట్టి ఇది చిన్న విషయం అనుకోకుండా కాస్త ఆలోచిద్దాం.

కోడికి విశ్వాసం లేకపోవడం అంటూ ఏమీ లేదు. దానికి చేతుల్లేవు, అంతే. మనం వేలితో తడిమి చూసే పని అది ముక్కుతో చేస్తుంది. ముక్కు కొసన నరాలు దండిగా ఉంటాయి. గాజు, ఉంగరం, మెట్టె, పుట్టుమచ్చ - మెరిసేదీ, చిన్నగా గుండ్రంగా కనిపించేదీ ఏదైనా అది గింజేమోనని పొడిచి చూస్తుంది. రోజూ చేత్తో తినిపిస్తే దానికి చెయ్యంటేనే మేత. ఆకలి వేళ ఖాళీ చెయ్యి చాపితే ఊరుకుంటుందా? మేత నేల మీద చల్లండి, లేదా పళ్లెంలో పెట్టండి. పసిపిల్లల మొహం దగ్గరికి మాత్రం కోడిని రానివ్వకండి. కంటికి దెబ్బ తగిలితే తిరిగి తేలేం.

పొదుగుకు కూచున్న పెట్ట సంగతి వేరు. గుడ్ల మీద కూచున్న 21 రోజులూ దాని ఒంట్లో ప్రొలాక్టిన్ అనే రసం పనిచేస్తుంటుంది. రెక్కలు విప్పి, ఈకలు నిక్కబొడిచి, దగ్గరికొచ్చిన చేతిని పొడుస్తుంది. అది బిడ్డల్ని కాచుకోవడం. పిల్లల్ని తిప్పుకునే పెట్టా అంతే. గుడ్లు చూడాలంటే చీకటి పడ్డాక మెల్లగా చూడండి, అప్పుడది మెత్తగా ఉంటుంది.

పుంజు తన మందను కాస్తుంది. పెట్టల మధ్యకి విసురుగా వెళ్తే ముక్కుతో పొడవడమే కాదు, కాలి ముల్లుతోనూ తంతుంది. కర్ర తీసుకుని తరిమితే మనల్ని ఇంకో పుంజు కింద లెక్కేసి పోటీకొస్తుంది. గుడ్డులోంచి వచ్చిన తొలి రోజుల్లో ఎవర్ని చూస్తే వాళ్లనే తన జాతిగా భావించే గుణం కోడిపిల్లకుంది. ఒంటరిగా మనుషుల మధ్యే పెరిగిన పుంజు ఒక్కోసారి మనిషి మీదికే ఎగబడేది అందుకే. పందెం జాతి పుంజు అలా కాదు. తోటి పుంజు మీద ఎంత కసిగా దూకినా సాకిన మనిషి దగ్గర తరచు మెత్తగానే ఉంటుంది.

ఇన్నాళ్లూ సాధువుగా ఉన్న కోడి హఠాత్తుగా పొడవడం మొదలెడితే దాని ఒళ్లు చూడండి. పేలు పట్టాయా, పుండుందా? గూటి సందుల్లో దాగి రాత్రిళ్లు నెత్తురు తాగే సన్న పురుగులుంటాయి. నిద్ర లేని ప్రాణికి చిరాకు సహజం. గూటి సందులకి సున్నం కొట్టండి, పొర్లాడడానికి బూడిద, ఇసుక కలిపి పోయండి. మేతలో సత్తువ తగ్గినా ఒకదాని ఈకలు ఒకటి పీకుతాయి. చెదలు, పురుగులు దొరికేలా బయట తిరగనివ్వండి. గుడ్డు పెంకులు మెత్తగా నూరి మేతలో కలపండి. నెత్తురు కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి కాబట్టి గాయపడ్డదాన్ని వెంటనే విడిగా ఉంచాలి.

ఇక కోళ్లలో కోళ్లు పొడుచుకునే వరుస ఒకటుంది. నార్వే దేశస్థుడు షెల్డెరుప్ ఎబ్బె చిన్నప్పటి నుంచి కోళ్లను గమనించి, 1920ల మొదట్లో దీన్ని శాస్త్రంగా రాశాడు. పెద్ద కోడి రెండోదాన్ని పొడుస్తుంది, రెండోది మూడోదాన్ని. చిట్టచివరిది అందరి దెబ్బలూ తింటుంది. ఈ మాట పట్టుకుని "చూశారా, పెద్ద చిన్న తేడా ప్రకృతి ధర్మమే" అనే పెత్తందార్లున్నారు. వాళ్లు సగమే చెబుతారు. వరుస కుదిరాక కోళ్లలో కొట్లాటలు తగ్గుతాయి. మేత ఒకేచోట, చాలీచాలకుండా పడేస్తే పెరుగుతాయి. అదే మేత నాలుగు చోట్ల చల్లి, తిరగడానికి జాగా ఇస్తే బలహీనమైనదీ కడుపు నింపుకుంటుంది. మేత ఎక్కడ, ఎంత చల్లాలో కోడి నిర్ణయించదు. మనుషుల్లో మాత్రం భూమీ గింజా ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించేది మనుషులే. కోళ్ల దొడ్డి లెక్క మనకి చెల్లదు.

ఇరుకు ఏం చేస్తుందో చూడాలంటే గుడ్ల ఫారాలకి పోవాలి. అనపర్తి, తణుకు ప్రాంతాల్లో, హైదరాబాదు చుట్టుపట్ల వేలాది కోళ్లు తీగ బోనుల్లో ఉన్నాయి. చాలాచోట్ల ఒక్కో కోడికి దక్కే జాగా చాలా కొంచెం. పొర్లాడడానికి మన్ను లేదు, గీకడానికి నేల లేదు. దాంతో ఒకదాన్నొకటి పీక్కుతింటాయి. దానికి యాజమాన్యం కనిపెట్టిన మందు ముక్కు కొస కోసెయ్యడం. జాగా పెంచితే ఖర్చు, ముక్కు కోస్తే చవక! నరాలున్న ముక్కు కోస్తే కోడికి నొప్పే. ఆ బోనుల్లో చెయ్యి పెట్టి పనిచేసే కూలీల చేతులు గీరుకుపోతాయి, పొడుపులు తింటాయి. పైన దుమ్ము, రెట్ట నుంచి లేచే అమ్మోనియా ఘాటు. చేతి తొడుగులు, మూతి గుడ్డ, ధనుర్వాతం సూది యజమాని ఖర్చుతో ఇవ్వాలని ఫారం కూలీలు అడగాలి. మన సంఘాలు వాళ్ల వెనక నిలబడాలి.

కోడి పొడిస్తే ఏం చెయ్యాలి? సబ్బు నీళ్లతో శుభ్రంగా కడగాలి. ధనుర్వాతం సూది వేసుకుని చాలా ఏళ్లయితే ఆసుపత్రికి పోయి వేయించుకోవాలి. కోడి వల్ల పిచ్చికుక్క జబ్బు రాదు, ఆ భయం అక్కర్లేదు. రోజంతా నిలబడో వంగో పనిచేసే ఆడకూలీల్లో కొందరికి కాళ్ల మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉంటాయి. వాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆస్ట్రేలియాలో అలాంటి నరాలున్న ఒక వృద్ధురాలు గుడ్లు ఏరుతుండగా పుంజు కాలి మీద పొడిస్తే, నెత్తురు ఆగక చనిపోయిందని 2019లో వైద్యులు రాశారు. ఇది చాలా అరుదు. అయినా అలా నరం తెగితే వెంటనే పడుకోబెట్టి, కాలు ఎత్తిపెట్టి, గుడ్డతో గట్టిగా అదిమి పట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కాబట్టి ఈసారి కోడి పొడిస్తే కత్తిపీట వైపు చూసే ముందు మేత చూడండి, గూడు చూడండి, దాని ఒళ్లు చూడండి. పొడుపుకి కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. కారణం సరిచేస్తే పెట్ట మిగులుతుంది. పెట్ట మిగిలితే అక్క చేతిలో నాలుగు డబ్బులు మిగులుతాయి.