కృష్ణా డెల్టాలో మక్తబ్ విద్య

మక్తబ్ అనగా ముస్లిం బాలబాలికలకు ఖురాన్ పఠనము, నమాజు విధానము, సత్ప్రవర్తన నేర్పు ప్రాథమిక ధార్మిక పాఠశాల. అరబ్బీలో ఈ పదానికి 'వ్రాయు స్థలము' అని అర్థం. పూర్తికాలపు మదరసాకు భిన్నంగా ఇది సాధారణంగా మసీదును ఆనుకొని, బడివేళలకు ముందుగానో తరువాతనో నడుస్తుంది. ఉపాధ్యాయుని వేతనాన్ని ఎక్కువగా మసీదు కమిటీ, స్థానికుల చందాలు సమకూర్చుతాయి.

నేపథ్యం

కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. పర్షియా వర్తకులు ఇక్కడ నివసించారు. నేడు మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలు 2022 ఏప్రిల్ 4న పునర్వ్యవస్థీకరించిన కృష్ణా జిల్లాలో ఉన్నాయి. డెల్టా ముస్లింలలో ఉర్దూ మాట్లాడేవారితో పాటు, తెలుగు మాతృభాషగా గల నూర్ బాషా (దూదేకుల) వారు కూడా కలరు. ఇంట తెలుగు మాట్లాడే విద్యార్థికి అరబ్బీ లిపి, ఉర్దూ బోధన రెండూ క్రొత్తవే.

ఉచ్చారణ

అరబ్బీలో 28 అక్షరాలు కలవు. కొండనాలుక వద్ద పలికే 'ఖాఫ్'తో మొదలైన 'ఖల్బ్' అనగా హృదయం. 'కాఫ్'తో మొదలైన 'కల్బ్' అనగా కుక్క. 'ఖాఫ్'కు తెలుగులో సరియైన అక్షరం లేదు. 'ఖ' అని వ్రాసినచో అది 'ఖా' అనే వేరొక అరబ్బీ అక్షరంతో కలిసిపోతుంది. కావున తెలుగు లిపిలో అచ్చైన ప్రార్థనలు చదివి మాత్రమే సరియైన ఉచ్చారణ పొందుట కష్టం. గురువు పలుకగా విని, తిరిగి పలికి, దిద్దించుకొనవలెను. ఈ ఉచ్చారణ నియమాలను 'తజ్వీద్' అంటారు.

డిజిటల్ యుగం

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలై, ప్రార్థనా స్థలాలు మూతపడ్డాయి. జూన్ 8 నుండి వాటిని తెరచుటకు కేంద్రం అనుమతించింది. ఆ కాలంలో ధార్మిక పాఠాలు అనేకం ఫోన్ల ద్వారా సాగాయి. నేడు పఠనాన్ని ఎన్నిసార్లయినా వినవచ్చు, తెలుగు అనువాదం వెంటనే చూడవచ్చు. తెలుగు విద్యార్థికి ఇది గొప్ప మేలు. అర్థం తెలియక వల్లించిన పాఠం నడవడిలోకి రావడం కష్టం కదా. పఠనంలో తప్పిన పదాన్ని గుర్తించే యాప్‌లు కూడా వచ్చాయి. అయితే విద్యార్థి అబద్ధమాడినపుడు, చిన్నవారిని హేళన చేసినపుడు గమనించి మందలించగలవారు గురువు, తల్లిదండ్రులు, ఇరుగుపొరుగువారే.

శీల నిర్మాణం

సత్ప్రవర్తనను 'అఖ్లాఖ్' అంటారు. ఖురాన్‌లోని 49వ సూరా, 'అల్ హుజురాత్', ఈ విషయంలో ముఖ్యమైనది. నమ్మదగనివాడు తెచ్చిన వార్తను నిర్ధారించుకొనవలెనని దాని 6వ వాక్యం, చాడీలు కూడదని 12వ వాక్యం బోధిస్తాయి. చేతికి వచ్చిన ప్రతి సందేశాన్నీ పదిమందికి పంపే అలవాటుకు ఈ బోధ సూటిగా వర్తిస్తుంది. ఒక్క వదంతి ఊరి సామరస్యాన్ని చెరపగలదు. అందువలన సందేశాన్ని పంపేముందు ఆగి విచారించుట కూడా నేటి మక్తబ్ నేర్పదగిన పాఠమే.