కాగితం పచ్చగానే ఉంది, కారే ఎడమకి పోతోంది

"తాతయ్యా, మొన్ననే అలైన్‌మెంటు చేయించాను. అంతకుముందు బాగానే ఉండేది. ఇప్పుడు కారు ఎడమకి లాగేస్తోంది, వాడేదో చెడగొట్టాడు" అంటున్నావు. అయ్యుండొచ్చు. కానీ తిట్టడానికి తొందరేముందమ్మడూ, ఆ షాపు ఎక్కడికీ పారిపోదు. ముందు వాడిచ్చిన కాగితం ఇటు తే. చూశావా, గడులన్నీ పచ్చగానే ఉన్నాయి. మిషను అబద్ధమాడలేదు, నువ్వూ ఆడటం లేదు. అది కొలిచింది కదలకుండా నిలబడ్డ కారు చక్రాల కోణాలు. నీ చేతికి తెలుస్తున్నది పరిగెత్తే కారులో పుట్టే బలం. టైరులో గాలెంత, రోడ్డు ఎటు వాలింది, బ్రేకు వదులుతోందా లేదా అన్నది ఆ మిషనుకి పట్టదు.

ముందు ఒక సంగతి తేల్చు. కారు లాగుతోందా, స్టీరింగు వంకరగా ఉందా? తిన్నటి రోడ్డు మీద కారు తిన్నగానే పోతూ, స్టీరింగు చక్రం మాత్రం కాస్త ఒరిగి కనిపిస్తే దాన్ని లాగడం అనరు. స్టీరింగుని సరిగ్గా మధ్యలో నిలపకుండా, చక్రాల్ని స్టీరింగుకి కలిపే టై రాడ్లు తిప్పాడన్నమాట. అదైతే అచ్చంగా షాపువాడి తప్పే, వెళ్లి ఊరికే సరిచేయించుకో.

నిజంగానే లాగుతోందంటావా? అయితే ఇది విను. ఈ కాగితంలో ముఖ్యమైనవి మూడు. చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరగడం టో. నిలువునా చూస్తే చక్రం లోపలికో బయటికో ఒరగడం క్యాంబర్. స్టీరింగు తిప్పితే చక్రం ఏ ఇరుసు చుట్టూ మళ్లుతుందో ఆ ఇరుసు వెనక్కి వాలడం క్యాస్టర్. మన చిన్న కార్లలో చాలావాటికి ఆ షాపులో స్పానరు పెట్టి తిప్పగలిగేది ముందు చక్రాల టో ఒక్కటే. మిగతావి కారు పుట్టినప్పుడే కుదిరిపోయినవి. తమాషా ఏమిటంటే, ఆ టో తేడా పడితే టైరు అంచులు అరిగిపోతాయి గానీ కారు ఒక పక్కకి లాగదు. ముందు చక్రాలు రెండూ ఒకే కడ్డీకి కట్టి ఉంటాయి కాబట్టి నడుస్తున్నప్పుడు ఆ తేడాని చెరిసగం పంచేసుకుంటాయి. అంటే షాపువాడు ముట్టుకున్నది లాగనిది, లాగేవి వాడు ముట్టుకోనివి! నేను వాణ్ణి వెనకేసుకొస్తున్నది అందుకే.

మరి అలైన్‌మెంటు తరవాతే ఎందుకు మొదలైంది? బిల్లు చూడు. అలైన్‌మెంటు, కింద బ్యాలెన్సింగు, దాని కింద రొటేషను. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చాడన్నమాట. నా అనుమానం ఆ మూడో గీత మీదే. అక్కడికి వెళ్లేముందు రెండు చిన్న సంగతులు చూసేద్దాం.

ఒకటి గాలి. ఒక ముందు టైరులో 33 ఉండి రెండోదాంట్లో 26 ఉంటే కారు మెత్తటి టైరు వైపే పోతుంది. మెత్తటి టైరు నేల మీద ఎక్కువ నలుగుతుంది, దొర్లడానికి ఎక్కువ మొరాయిస్తుంది. బండి తియ్యకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఉంటుంది, బంకు కుర్రాణ్ణి అడగనక్కర్లేదు.

రెండోది రోడ్డు. వాన నీళ్లు పోవడానికి తారు రోడ్డుని మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. ఆ వాలు సుమారు 2 శాతం, మీటరుకి 2 సెంటీమీటర్లు. వెయ్యి కిలోల కారుని ఆ వాలు మీద పెడితే ఇరవై కిలోల బరువంత బలం ఎప్పుడూ అంచు వైపు నెడుతూనే ఉంటుంది. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి మనకది ఎడమకి. డాలస్‌లో మీ పిన్ని కారైతే కుడికి జారుతుంది. ఈ వాలుని ఎదుర్కోవడానికి కొన్ని కార్లలో ఎడమ, కుడి క్యాస్టర్లు కావాలనే కొంచెం తేడాగా పెడతారు. కాబట్టి కాస్త ఎడమకి జారడం జబ్బు కాదు. ఖాళీగా ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద గంటకి 60 కిలోమీటర్లలో పోతూ పట్టు వదులు చేసి చూడు. చేతులు పూర్తిగా తీసేసేవు సుమా! ఆ వేగంలో ఆరు సెకన్లకి వంద మీటర్లు పోతావు, లేను వెడల్పు మూడున్నర మీటర్లు. ఆ దూరంలో మెల్లగా ఓ మూర జరిగితే అది రోడ్డు పని. పక్క లేనులోకే వెళ్లిపోతే కారు పని. డివైడరు పక్క లేనులోనూ, కుడికి వాలిన చోటా కూడా ఎడమకే పోతోందంటే ఇక రోడ్డుని అనడానికి లేదు.

ఇప్పుడు టైరు దగ్గరికి వద్దాం. వంటింట్లోంచి స్టీలు గ్లాసు పట్రా, మూతి వెడల్పుగా, అడుగు సన్నగా ఉన్నది. నేల మీద పడుకోబెట్టి తోయి. తిన్నగా పోయిందా? లేదు, సన్నటి అడుగు వైపు తిరిగి చుట్టు కొట్టింది. పెద్ద చుట్టుకొలత ఉన్న వైపు ఒక చుట్టులో ఎక్కువ దూరం పోతుంది, చిన్న వైపు తక్కువ పోతుంది, అందుకని మళ్లుతుంది. నీ టైరులో రబ్బరు కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. తయారీలో ఆ పట్టీ నడిమధ్యన కాకుండా వెంట్రుకవాసి పక్కకి పడితే టైరు ఒక అంచున బిగువుగా, రెండో అంచున వదులుగా ఉంటుంది. కంటికి కనపడదు, బ్యాలెన్సింగు మిషనుకీ దొరకదు. రోడ్డు మీద మాత్రం గ్లాసు పని చేస్తుంది. అలాంటి టైరు వెనక ఉన్నంత కాలం నీకు తెలియదు, వెనక చక్రాలకి స్టీరింగు లేదు కదా. ముందుకి రాగానే నీ చేతికి తగిలింది. తగిలిన రోజు అలైన్‌మెంటు రోజు. నింద దాని మీద పడింది.

దీన్ని రుజువు చెయ్యడానికి మిషను అక్కర్లేదు. ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చెయ్. లాగుడు కుడికి మారిందంటే దొంగ దొరికినట్టే, టైరే. ఎప్పటిలాగే ఎడమకి లాగితే టైరు మీద అనుమానం దాదాపు పోయినట్టే. తీగల పట్టీలు వేసిన వాలు వల్ల పుట్టే ఇంకో రకం తోపుడు ఉంది, అది మాత్రం పక్కలు మార్చినా మారదు. జాకీ ఒక్కటే ఉంది కదా, ఎలా మారుస్తాం అంటావా? స్టెప్నీ ఎందుకుంది? ఎడమ చక్రం తీసి అక్కడ స్టెప్నీ బిగించు, ఎడమ చక్రాన్ని కుడికి వెయ్యి, కుడిన తీసినదాన్ని ఎడమ పక్క స్టెప్నీ తీసి అక్కడ పెట్టు. నట్లు ఎదురెదురుగా బిగించుకుంటూ పో. టైరు పక్కన తిరిగే దిశకి బాణం గుర్తు ఉంటే మాత్రం ఇలా మార్చకూడదు, అదే పక్కన ముందూ వెనకా మార్చి చూడాలి. చక్రం చేతిలో ఉండగానే టైరు చుట్టూ తడిమి చూడు. ఎక్కడైనా ఉబ్బు తగిలితే పరీక్షలన్నీ కట్టిపెట్టి టైరు మార్చెయ్, అది హైవే మీద పేలే సరుకు.

టైరు కాదని తేలితే అప్పుడు కాగితంలో క్యాంబరు, క్యాస్టరు గడులు చదవాలి. పచ్చరంగుని నమ్మకు, అంకెలు చూడు. ఒక్కో చక్రం విడిగా హద్దుల్లోనే ఉండి పచ్చగా కనపడుతుంది, కానీ ఎడమకీ కుడికీ మధ్య తేడా అర డిగ్రీ దాటితే కారు లాగొచ్చు. పైభాగం బయటికి ఎక్కువ ఒరిగిన చక్రం వైపు పోతుంది. ఒరిగిన చక్రం కూడా నేల మీద గ్లాసులాగే దొర్లాలని చూస్తుంది. క్యాస్టరైతే తక్కువున్న వైపు లాగుతుంది. సైకిలు ముందు ఫోర్కు వాలుగా ఉంటుందే, అదే క్యాస్టరు. ఆ వాలే చక్రాన్ని తిన్నగా నిలబెడుతుంది. గుంతలో దబ్బున పడి లోయర్ ఆర్మ్ కాస్త వంగినా, బుష్షు నలిగినా ఒక పక్క క్యాస్టరు తగ్గిపోతుంది. వంగిన సామాను మార్చకుండా ఎన్నిసార్లు అలైన్‌మెంటు చేయించినా డబ్బులు దండగ.

బ్రేకు సంగతి చిన్నదే. ఓ పది కిలోమీటర్లు నడిపి ఆపు. ముందు రిమ్ములు రెంటి దగ్గరా చెయ్యి ఆనించకుండా పెట్టి చూడు. ఒకటి సెగలు కక్కుతూ రెండోది మామూలుగా ఉంటే ఆ వేడి పక్క బ్రేకు పూర్తిగా వదలడం లేదు, కారు ఆ పక్కకే పోతుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగితే కూడా బ్రేకులే ముందు చూపించు.

ఇంకొకటి, మీ కాలం కార్లకే ఉన్నది. కరెంటు స్టీరింగులో చక్రం ఎంత తిరిగిందో చెప్పే సెన్సరు ఉంటుంది. అలైన్‌మెంటులో స్టీరింగు మధ్య మారాక, ఆ సెన్సరుకి కొత్త సున్నా ఎక్కడో స్కానరు పెట్టి చెప్పాల్సిన కార్లు కొన్ని ఉన్నాయి. చెప్పకపోతే మోటారు పాత సున్నానే సున్నా అనుకుని, నువ్వు వద్దన్నా కొంచెం తోస్తూ ఉంటుంది. ఇది ఆ షాపు ఖాతాలోదే. టైర్లు మార్చినా లాగుడు మారకపోతే వెళ్లి, "స్టీరింగు సెన్సరుకి జీరో చేశారా?" అని అడుగు, మర్యాదగానే అడుగు.

రేపు పొద్దున కారు తియ్యకముందే గాలి చూద్దాం. ఈలోపు డిక్కీలో జాకీ, వీల్ స్పానరు ఉన్నాయో లేవో, స్టెప్నీలో గాలుందో లేదో చూసిరా. నీ కారు కదా, నట్లు నువ్వే విప్పాలి.